ఎర్రనీటి దారి

గోదావరి గాథ – 17వ భాగం

1803లో లండన్‌లో అచ్చయిన ఒక పెద్ద పుస్తకంలో మన గోదావరి చేప పేరుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో కొన్నేళ్లు గడిపిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఆ తీరంలో దొరికే 200 చేపలకు బొమ్మలు వేయించి, వర్ణనలు రాసి, రెండు సంపుటాలుగా ప్రచురించాడు. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, జాలర్లు పిలుచుకునే తెలుగు పేర్లనే తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. 198వ బొమ్మ పేరు ‘పలస’. పాతికేళ్ల తర్వాత ఫ్రాన్సులో జంతుశాస్త్రానికి పెద్ద దిక్కయిన కువియే ఆ బొమ్మనే ఆధారం చేసుకుని ఈ చేపకు ‘క్లూపియా పలస’ అని శాస్త్రనామం పెట్టాడు. అయితే 1822లోనే హామిల్టన్ అనే శాస్త్రవేత్త గంగలో దొరికే ఇదే చేపకు బెంగాలీ మాటతో ‘ఇలిష’ అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది శాస్త్ర నియమం కనుక ఇవాళ ప్రపంచం దీన్ని టెన్యులోసా ఇలిషా అంటోంది. ధవళేశ్వరం ఆనకట్టకు రాయి పడటానికి 40 ఏళ్ల ముందే మన జాలరి నోటి మాట ఐరోపా శాస్త్రవేత్తల బల్ల మీదికి చేరిందన్నది ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన సంగతి. చేప గురించి తెలుసుకోవాలంటే జాలరిని అడగాలని రస్సెల్‌కు తోచింది. ఆ తర్వాత రెండు శతాబ్దాల్లో నది మీద తీసుకున్న ఏ పెద్ద నిర్ణయంలోనూ ఆ ప్రశ్న అడిగినవాళ్లు కనబడరు.

గత భాగంలో ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసిన తీరు చూశాం. ఈ భాగంలో అదే గోడను కింది నుంచి, అంటే సముద్రం వైపు నుంచి చూడాలి. సముద్రంలో ఉన్నంతకాలం కోనసీమలో ఈ చేపను ఇలస అంటారు. వలస అనేవాళ్లూ ఉన్నారు. ఏట్లోకి ఎక్కితేనే అది పులస. తొలకరి తర్వాత ఎగువన వానలు పడి గోదావరి ఎర్రబారి, ఆ ఎర్రనీరు అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు దాటి సముద్రంలోకి తోసుకుపోయినప్పుడు, ఆ మంచినీటి జాడ పట్టుకుని చేప నది పాయలైన వశిష్ఠలోకి, ఓడలరేవు దగ్గర వైనతేయలోకి, యానాం దిగువన గౌతమిలోకి ఎదురెక్కుతుంది. చేతిలోకి తీసుకుంటే వెండిరేకులా మెరిసే పొలుసు, పొట్ట అంచున రంపపు పళ్లలాంటి గరుకు, లోపల వెంట్రుకల్లాంటి ముళ్లు. శెన పులస అయితే కడుపు రెండు వైపులా బిగిసి ఉంటుంది. పెద్ద చేపలో గుడ్లు లక్షల్లో ఉంటాయి. ఎదురీదే రోజుల్లో ఇది దాదాపు మేత ముట్టదు. సముద్రంలో పోగు చేసుకున్న కొవ్వునే ఖర్చు పెట్టుకుంటూ ఎక్కుతుంది. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలు వేసి వండి మర్నాడు తినే పులుసు రుచికి ఆ కొవ్వే మూలం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టిందీ దాని వల్లే. కానీ చేప వైపు నుంచి చూస్తే ఆ కొవ్వు దారిబత్తెం. గోడ ముందు ఆగిపోయిన ఒక్కో రోజూ ఆ బత్తెం నుంచే పోతుంది. గుడ్లు పెట్టడానికి పారే మంచినీరు కావాలి, పిల్లలు కొన్ని నెలల పాటు ఏట్లో పెరగాలి, పెరిగినవి చలికాలం మొదలుకొని మళ్లీ సముద్రానికి దిగాలి. అంటే పైకి ఎక్కే దారి ఒక్కటే చాలదు; కిందికి దిగే దారీ, దిగేటప్పుడు దిగువన నీళ్లూ ఉండాలి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న మాట ఇది. పులస దారి మూసింది ఇంజనీరు కాటన్ కట్టిన గోడ అని చాలామంది అనుకుంటారు. గోడ పాత్ర ఉంది, కాదనను. అయితే చరిత్ర దొరికినంత మేర తిరగేస్తే కనిపించేది వేరు. గోడకంటే ఎక్కువగా ఆ దారిని మూసింది నీళ్ల పంపకం మీద జరిగిన నిర్ణయాలు: ఎప్పుడు గేట్లు దించాలి, దిగువకు ఎన్ని నీళ్లు వదలాలి, ఎవరిని అడిగి వదలాలి. ఆ నిర్ణయాలు మనుషులు చేసినవి గనుక మార్చుకోవచ్చు.

మొదటి సాక్ష్యం ఆనకట్ట పుట్టుకలోనే ఉంది. 1852 నాటి కట్టడం తక్కువ ఎత్తు గోడ. వరద వచ్చిందంటే నీళ్లు దాని మీదుగా పొర్లిపోయేవి, వరద బాగా ముదిరితే గోడకు ఎగువ, దిగువ నీటిమట్టాలు దాదాపు ఒకటయ్యేవి. ఆ కొద్ది రోజుల్లో చేపకు దారి దొరికేది. కానీ ఆయకట్టు పెరిగిన కొద్దీ గోడ ఎత్తు పెంచుతూ పోయారు, ఆపైన షట్టర్లు బిగించారు. పెంచిన ప్రతిసారీ పొలానికి చేరే నీళ్లు పెరిగాయి, గోడ మునిగే రోజులు తగ్గాయి. పెంచినవాళ్లు చేపను దృష్టిలో పెట్టుకోలేదు, అంతే. చేపను దృష్టిలో పెట్టుకున్న ఒక అధికారి లేకపోలేదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేరి, తర్వాత దేశానికంతటికీ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన ఫ్రాన్సిస్ డే, 1873లో ప్రచురించిన తన నివేదికలో మంచినీటి చేపలు తగ్గడానికి రెండు కారణాలు పట్టి చూపాడు. ఒకటి, సేద్యపు ఆనకట్టలు ఎదురెక్కే చేపలను అడ్డుకోవడం, కాలువలు పిల్ల చేపలను పొలాల్లోకి లాగేయడం. రెండు, సన్నకన్ను వలలూ బుట్టలూ మావులూ పెట్టి గుడ్ల చేపనూ పిల్ల చేపనూ తేడా లేకుండా పట్టేయడం. ఆనకట్టల్లో చేపకు దారి వదలాలన్నది డే గట్టిగా చెప్పిన మాట.

దీని మీద ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. మందుగుండు పేల్చి చేపలు పట్టకూడదు, నీళ్లలో విషం కలపకూడదు. మావుల మీద, అడ్డుకట్టల మీద, వల కన్ను సైజు మీద ప్రభుత్వం నిబంధనలు పెట్టవచ్చు. ఇవన్నీ జాలరిని ఉద్దేశించినవే. సేద్యపు ఆనకట్ట చేపకు దారి ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. డే చెప్పిన రెండు కారణాల్లో బీదవాడి చేతిలో ఉన్నది చట్టమైంది, సర్కారు చేతిలో ఉన్నది కాగితాల్లో ఉండిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు మత్స్యశాఖ ఇంకో దారి పట్టింది. దారి తెరవడం కుదరనప్పుడు పిల్లల్నే మనం పుట్టిద్దాం అనుకుని, కావేరి పాయ కొల్లిడం మీద దిగువ ఆనకట్ట దగ్గర పులస గుడ్లను చేతులతో పిండి పొదిగించే ప్రయోగాలు చేసింది. ఆ అనుభవాలను బి. సుందరరాజ్ 1917లో రాశారు. శ్రద్ధగా జరిగిన పనే. కానీ 1934లో మెట్టూరు డ్యాం వచ్చి కావేరి వరదను పట్టి ఆపేశాక, పొదిగించడానికి అక్కడికి ఎక్కివచ్చే చేపే కరువైంది. కొల్లిడం మీది ఆనకట్ట పాతదే, దాని ఎత్తు రాత్రికి రాత్రి పెరగలేదు. మారింది నీళ్లు. నా వాదానికి ఇంతకంటే శుభ్రమైన రుజువు అక్కర్లేదనుకుంటాను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఆనకట్ట లేకపోతే కోనసీమ ఎక్కడుంది? 1833 నాటి డొక్కల కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, వీటి మధ్య ఈ ప్రాంతం ఎంత నలిగిపోయిందంటే 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇవాళ మూడు డెల్టాలూ కలిపి 10 లక్షల ఎకరాలు ఆ నీటితో పండుతున్నాయి. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా అక్విడక్టులో కాలువ దాటిపోకపోతే రాజోలు వైపు లంకలకు తాగునీరే లేదు. గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ విగ్రహం ఉండటం ఊరికే జరిగిన పని కాదు. ఆకలి తీర్చినవాడి మీద జనం పెట్టుకున్న కృతజ్ఞత అది. దాన్ని తక్కువ చేసే మాట ఈ వ్యాసంలో ఒక్కటీ ఉండదు. గోడ కూల్చమని నేను అడగడం లేదు. నేను అడిగేది గోడ ఉండగానే జరగగల పని.

అది జరగగలదని నమ్మడానికి ఆధారం 1982లో దొరికింది. శిథిలమవుతున్న పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టిన బ్యారేజీ ఆ ఏడాదికి పూర్తయి కాటన్ పేరు పెట్టుకుంది. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలి భాగంలో 43, మద్దూరు భాగంలో 23, విజ్జేశ్వరం భాగంలో 39, మొత్తం 175 గేట్లు. బ్యారేజీ రావడంతో పులస పని అయిపోయిందని అనడం పరిపాటి. ఒక కోణంలో నిజమే, గేటు దించితే పాత గోడ మీద పొర్లినట్టు నీళ్లు పొర్లవు. కానీ రెండో వైపు చూడండి. రాతిగోడకు చెవులు లేవు, దాన్ని ఎవరూ ‘కాసేపు పక్కకు జరుగు’ అనలేరు. గేటును మాత్రం మీట నొక్కి ఎత్తవచ్చు. 1852 నుంచి 1982 దాకా చేప దారి వరద దయ మీద ఉంది. ఆ తర్వాత మనిషి నిర్ణయం మీద ఉంది. పులసకు సాయం చేసే వీలు కాటన్ కాలంలో కంటే మన కాలంలోనే ఎక్కువ. ఆ వీలును ఎందుకు వాడుకోలేదన్నదే ప్రశ్న.

రెండో అభ్యంతరం దీనికి జవాబుగా చెబుతారు. పాత ఆనకట్ట ఉండగా 130 ఏళ్ల పాటు చేప బతికింది కదా, ఇప్పుడు తగ్గిందంటే కారణం బ్యారేజీ కాదు, వేట అంటారు. మొగల దగ్గర సన్నకన్ను వలలు, సముద్రంలో మరబోట్లు, ఆక్వా చెరువుల మురుగు, పట్టణాల మురుగు. ఇందులో అబద్ధమేమీ లేదు. ఒక్క చేప యానాం రేవులో 20 వేల రూపాయలు దాటి పలికే రోజుల్లో గుడ్ల చేపను వదిలేయమని జాలరికి చెప్పడం తేలిక కాదు. ఒడిశా వైపు నుంచి మంచులో వచ్చిన ఇలసను పులస పేరు మీద అమ్మే వ్యాపారం సాగుతోందంటేనే ఇక్కడి ఏటికి ఏపాటి చేప ఎక్కుతోందో తెలుస్తుంది. కానీ వేటను అదుపు చేసే విధానం ఏం చెబుతోందో కూడా చూడాలి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. సముద్రంలో చాలా చేపలకు, రొయ్యలకు అది మేలు చేస్తుంది. పులస ఏట్లోకి గుడ్లకు వచ్చేది మాత్రం జులై తర్వాత. అంటే గుడ్ల కోసం పెట్టిన విరామం ముగిశాకే గుడ్ల పులస వస్తుంది! బంగ్లాదేశ్ ఇదే చేపకు దాని పంచాంగం ప్రకారమే విరామం ఇచ్చింది. అక్టోబరులో గుడ్లు పెట్టే 22 రోజులు పట్టకూడదు, అమ్మకూడదు. నవంబరు నుంచి జూన్ దాకా పిల్ల చేపను ముట్టకూడదు. ఆ నెలల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. 2002-03లో 2 లక్షల టన్నుల దగ్గరున్న దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. వేటను అదుపు చేయాలి అనేవాళ్లతో నాకు పేచీ లేదు. చేప పంచాంగం చూసి చేయమంటున్నాను, ఆ రోజులకు జాలరి ఇంటికి తిండి చూడమంటున్నాను. అప్పుడైనా గేటు సంగతి మిగిలే ఉంటుంది. వలను తప్పించుకున్న చేప గోడ ముందు ఆగిపోతే వలను ఆపిన ఫలం దక్కదు.

మూడో అభ్యంతరం ఇంజనీర్ల వైపు నుంచి. చేపకు మెట్లదారి కడితే సరిపోదా? పోలవరం స్పిల్‌వేలో 48 గేట్ల పక్కన చేపల మెట్లదారికి చోటిచ్చారు; కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ సలహా తీసుకున్నారు. డే మాట పెడచెవిన పెట్టిన దేశంలో ఒక పెద్ద డ్యాం నమూనాలోనే పులసకు చోటు దొరకడం చిన్న విషయం కాదు. కానీ పోలవరం కాటన్ బ్యారేజీకి 42 కిలోమీటర్లు ఎగువన ఉంది. పులస ముందుగా దాటవలసింది ధవళేశ్వరం. కింది గడప దాటలేని చేపకు పై గడప దగ్గర మెట్లున్నా లేకున్నా ఒకటే. పైగా మెట్లదారి అనే ఊహ ప్రపంచంలో ఎక్కువగా సాల్మన్ చేపను చూసి పుట్టింది. సాల్మన్ ఎగిరి దూకుతుంది. పులస జాతి చేపలు అలా ఎగరవు, గుంపుగా, పారే నీటి వెంట, అలజడికి బెదురుతూ ఈదుతాయి. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయడం మొదలుపెట్టాక అలహాబాదు దాకా వెళ్లే పులస అక్కడ దాదాపు కనుమరుగైంది. బ్యారేజీలో చేపల కోసం పెట్టిన లాకులు దాన్ని ఆపలేకపోయాయి. చివరికి అక్కడ 2019లో ఆలోచించింది ఏమిటి? కొత్త ఓడల లాకు గేటును తెల్లవారుజామున ఒంటిగంట నుంచి అయిదు దాకా ఎనిమిది మీటర్లు తెరిచి ఉంచుదామని. అంటే నలభై ఏళ్ల తర్వాత అక్కడా ఆలోచన కట్టడం దగ్గర మొదలై గడియారం దగ్గరికి వచ్చింది. పోలవరం పేరెత్తాక ఇంకో మాట చెప్పకుండా ముందుకు సాగలేను. పాపికొండల వైపు గోదావరి ఒడ్డున తరాలుగా బతికిన కొండరెడ్లకూ కోయలకూ నదితో ఉన్న బంధం ఏ నమూనాలోనూ చోటు చేసుకోలేదు. అక్కడ సుమారు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. చేపకు మెట్లు గీసిన కాగితం మీద ఆ మనుషుల దారి ఇంకా స్పష్టంగా పడలేదు.

అమెరికాలో మూలవాసులు నదులను తిరిగి తెచ్చుకున్న కథలు ఇప్పుడు మన పత్రికల్లోనూ వస్తున్నాయి. క్లామత్ నది మీద యూరోక్, కరూక్, క్లామత్ తెగలు దశాబ్దాలు పోరాడి, నాలుగు డ్యాంలను 2024 నాటికి తొలగింపజేశాయి. ఆ ఏడాది అక్టోబరులోనే వందేళ్లుగా చేరలేని ఎగువకు సాల్మన్ చేరింది. దాన్ని చూపించి మనమూ అలా చేయాలనడం తొందరపాటు. ఆ నాలుగూ విద్యుత్తు డ్యాంలు, వాటి కింద కోనసీమ లేదు. అందుకని వాటితో మనకు పనే లేదనడమూ తొందరపాటే. ఆ కథలో మనకు పనికొచ్చే పాఠం కూల్చివేతకు 20 ఏళ్ల ముందే ఉంది. 2001 కరువులో అక్కడి రైతుల కాలువలకు నీళ్లు ఆపారు, రైతులు భగ్గుమన్నారు. 2002లో కాలువలకు నీళ్లిచ్చి నదికి తగ్గించారు. ఆ సెప్టెంబరులో దిగువన వేడెక్కిన పలుచటి నీటిలో రోగం పాకి కనీసం 34 వేల చేపలు, ఎక్కువగా సాల్మన్లు, చచ్చి తేలాయి. డ్యాంలు రెండేళ్లూ ఉన్నవే. చేపను చంపింది నీళ్ల పంపకం. ఇక తెగల మాట ఎందుకు నెగ్గిందంటే, వాళ్ల వేట హక్కుకు చట్టం పునాది ఉంది. 1969లో ఒక యూరోక్ జాలరి వలలను అధికారులు లాక్కుంటే ఆ తగాదా 1973లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తెగ పక్షాన తేలింది. డ్యాంల 50 ఏళ్ల లైసెన్సు 2006లో ముగిసినప్పుడు చేపకు దారి కట్టకపోతే కొత్త లైసెన్సు ఇవ్వమని ప్రభుత్వ సంస్థలు అడ్డుపడ్డాయి. దారి కట్టే ఖర్చు కంటే డ్యాం తీసేయడమే చౌక అని కంపెనీకి లెక్క తేలింది. మెయిన్ రాష్ట్రంలో పెనాబ్‌స్కాట్ నది కథ మనకు ఇంకా దగ్గర, ఎందుకంటే అక్కడి చేపలు పులసకు వరసకు చుట్టాలే. పెనాబ్‌స్కాట్ తెగ, కంపెనీ, ప్రభుత్వం కలిసి కూర్చుని 2012, 2013లలో దిగువ డ్యాంలు రెండు తీసేసి, మిగిలిన డ్యాంలలో ఉత్పత్తి పెంచి, కరెంటు నష్టం లేకుండా చూసుకున్నారు. ఏటా కొన్ని వేలకు పడిపోయిన హెర్రింగ్ చేపలు 2018 నాటికి 20 లక్షలు దాటి ఎక్కాయి. ఒకరి అన్నం తీసి ఇంకొకరికి పెట్టలేదు. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు.

మన బల్ల సంగతి చూద్దాం. గోదావరి డెల్టాలో దాళ్వాకు, అంటే రబీ వరికి, ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలి, కాలువలు ఎప్పుడు కట్టేయాలి అన్నది జిల్లా నీటిపారుదల సలహా మండలిలో తేలుతుంది. 1997 చట్టం కింద వచ్చిన నీటి సంఘాల్లో ఓటు ఆయకట్టు రైతుదే. రైతుకు ఆ హక్కు రావడం మంచిదే, ఇంకా బలపడాలి. కానీ అదే నీటి మీద బతికే అగ్నికులక్షత్రియ జాలరి కుటుంబాలకు ఆ గదిలో కుర్చీ లేదు. వాళ్లకు చట్టంలో కనిపించే చోటు సహకార సంఘం, వేట లైసెన్సు, నిషేధ కాలపు భృతి. నీళ్ల మీద మాట మాత్రం లేదు. నీళ్ల క్యాలెండరు దేవుడు రాసింది కాదని కోనసీమ రైతే ఒకసారి రుజువు చేశాడు. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఇక్కడి రైతులు లక్ష ఎకరాల దాకా ఊడ్పులు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. వాళ్ల కోరికల్లో ఒకటి కాలువలకు నీళ్లు ముందుగా వదలమని, అలా వదిలితే తుపాన్ల లోపు కోత అయిపోతుందని. ఆ తర్వాత నీళ్లు వదిలే తేదీ మీద ఏటా చర్చ జరుగుతోంది. పంట కోసం తేదీ కదిలినప్పుడు చేప కోసం ఎందుకు కదలకూడదు?

నీళ్లెక్కడివి అన్నది చివరి అభ్యంతరం, అన్నింట్లో బరువైనది కూడా ఇదే. లెక్క దాచకుండా చెప్పుకుందాం. పులస ఎక్కే జులై–అక్టోబరు నెలల్లో కొరత లేదు. ఏటా 3 వేల టీఎంసీలు సముద్రం పాలవుతున్నాయని నాయకులు వాపోయేది ఆ నీటి గురించే. సముద్రం పాలు అన్న ఆ మాటే మన ఆలోచనను పక్కదారి పట్టించింది. అన్నాచెల్లెళ్ల గట్టు దాటిన ఎర్రనీరే చేపను లోపలికి పిలుస్తుంది; అది తెచ్చే ఒండ్రే డెల్టా అంచును నిలబెడుతుంది. ఎగువ డ్యాంల వల్ల గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970ల నుంచి 1990ల చివరికి సగానికి పైగా తగ్గిందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. అంతర్వేది దగ్గర సముద్రం ముందుకు రావడం చూస్తున్నవాళ్లకు ఆ అంకె అర్థం వివరించనక్కర్లేదు. అసలు చిక్కు చలికాలం తర్వాత. దాళ్వా పూర్తి ఆయకట్టుకు 90 టీఎంసీలు కావాలి, ఏట్లో సహజంగా అంత ఉండదు, సీలేరు నుంచి వచ్చే నీళ్లే దిక్కు. గేట్లన్నీ దించుతారు, చుక్క దిగువకు పోదు. సరిగ్గా అప్పుడే పిల్ల పులసలు కిందికి దిగాలి. సెకనుకు వెయ్యి ఘనపుటడుగుల చొప్పున నాలుగు నెలలు దిగువకు వదిలితే 10 టీఎంసీలు దాటుతుంది. దాళ్వా అవసరంలో తొమ్మిదో వంతు అది, తేలిగ్గా ఇచ్చేయండి అనే అంకె కాదు. కరువు ఏడాదిలో రైతు ఇవ్వలేడు, ఇవ్వమనడం అన్యాయం కూడా. కానీ దిగువకు చుక్క పోకపోతే నష్టపోయేది చేప ఒక్కటే కాదు. పోటు మీద ఉప్పునీరు వశిష్ఠ, వైనతేయల్లో ఎగదన్నుకొస్తుంది, ఏటిగట్టు వెంట బోర్లు ఉప్పబడతాయి, లంక కొబ్బరి కాపు తగ్గుతుంది. ఆ నీరు చేపకు ఇచ్చే దానం అనుకుంటే ఎక్కువగా కనిపిస్తుంది. మన ఏటిని మనం కడుక్కునే నీరు అనుకుంటే లెక్క మారుతుంది. మంచి ఏడాదిలో మొత్తం, నడిమి ఏడాదిలో సగం, కరువు ఏడాదిలో పాటు సమయాల్లో కొన్ని గంటలు అని మెట్లు పెట్టుకోవచ్చు. ఆ మెట్లు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే పిల్ల పులస ఏ పాయలో ఏ నెలలో కనబడుతుందో తెలియాలి. గోదావరి పులస మీద 1960లలో టి.వి.ఆర్. పిళ్లై, కె.వి. రావు, తర్వాత టి. రాజ్యలక్ష్మి వంటి శాస్త్రవేత్తలు మంచి పని చేశారు. బ్యారేజీ వచ్చాక ఏటి తీరే మారింది, ఆ పని మళ్లీ మొదటి నుంచి జరగాలి.

అది జాలరిని కలుపుకునే జరగాలనడానికి ఈ డెల్టాలోనే ఒక నమూనా ఉంది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కోరంగి ప్రాంతంలో జాలరి పల్లెలతో కలిసి చనిపోయిన మడ అడవిని తిరిగి లేపే పని మొదలుపెట్టాయి. నరికేసిన చోట నేల కుంగి, పోటు నీళ్లు నిలిచి ఉప్పుపేరి, మొక్క బతకడం లేదు. చేప వెన్నుముల్లు ఆకారంలో నడిమి కాలువ, దానికి ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వి, పోటుకు నీరు ఎక్కేలా, పాటుకు పూర్తిగా తీసేలా చేస్తే మడ మొక్క మళ్లీ పట్టింది. ఏ కాలువ ఏ వాలులో తవ్వాలన్నది పోటూ పాటూ కడుపులో పెట్టుకుని బతికినవాళ్లకు తెలిసిన విద్య. పులసకూ అలాంటి విద్య ఉంది. ఎర్రనీరు ఏ రంగుకు వచ్చాక చేప మొగ దాటుతుందో, వశిష్ఠలో ముందా గౌతమిలో ముందా, అమావాస్య పోటుకా పౌర్ణమి పోటుకా అన్నది బోడసకుర్రులో, పాశర్లపూడిలో, అంతర్వేదిలో వలకట్టే ఇళ్లలో తరం నుంచి తరానికి మాటగా దిగుతోంది.

ధవళేశ్వరం దగ్గర వరద లెక్కకు మూడు అంకెలున్నాయి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో 43 అడుగులు దాటిందంటే ఇక్కడ ఏ గంటకు ఎంత వస్తుందో లెక్క కట్టి, లంకల జనానికి కబురు పెట్టి, గేట్లు ఎత్తుకుంటూ పోతారు. 1986లో 35 లక్షల క్యూసెక్కులను, 2022 జులైలో 25 లక్షలు దాటిన వరదను ఆ లెక్కతోనే దించారు. బోడసకుర్రులోనో అంతర్వేదిలోనో ఎర్రనీరు చూసి వల సర్దుకునే మనిషిని పిలిచి కూర్చోబెడితే నాలుగో అంకె ఒకటి దొరుకుతుంది: తొలి ఎర్రనీరు ఎన్ని అడుగుల మీద ఉండగా, మద్దూరు భాగంలో ఉన్న 23 గేట్లలో ఎన్నింటిని, ఏ పోటు వేళకు, ఎంత ఎత్తు లేపితే వశిష్ఠలో ఎక్కివచ్చిన పులస ఒక్క రోజు కూడా గోడ ముందు ఆగకుండా దాటిపోతుందో.